పొలిమేర రాయి దాకా

మొన్న బోధకుల వేసవి శిక్షణకు వచ్చిన పిల్లలు నన్ను ఒక పని అడిగారు. రోజూ కంటికి కనిపించే వాటిలోంచి దేవుని వాక్యానికి పాఠాలు ఎట్లా తీయాలో రాసి ఇమ్మన్నారు. అడగడంలో తప్పు లేదు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ చేసింది అదే. తిరగలి ముందు కూర్చుని తిరగలి గురించి, నాట్లు వేసేచోట విత్తనం గురించి చెప్పాను. ఆడవాళ్ళు చేతులు ఆపకుండానే వినేవారు. ఆ పద్ధతి నేర్పడం కష్టం కాదు. కానీ రాయడానికి కూర్చుంటే పద్ధతి గుర్తుకు రావడం లేదు, ఇద్దరు మనుషులు గుర్తుకొస్తున్నారు. కాబట్టి వాళ్ళ గురించే రాస్తాను. ఇందులోంచి పద్ధతి ఏమైనా దొరికితే తీసుకోండి.

నైజాం రాజ్యం చివరి రోజులు. మోత్కూరుకు కొంత దూరంలో ఒక ఊరి వాడలో మిషన్ బడికి నన్ను పంతులమ్మగా వేశారు. అప్పటికి నా భర్త పోయి రెండేళ్ళయింది. పొద్దున పిల్లలకు అక్షరాలు, సాయంత్రం వాళ్ళ తల్లులకు వాక్యం. ప్రార్థన జరిగే గుడిసెను చూసుకునే ఉపదేశిగారు నాకంటే చాలా పెద్దవారు. మేమిద్దరమే ఆ ఊళ్ళో మిషన్ ఉద్యోగులం.

ఉపదేశిగారికి ఒక విద్య ఉండేది. దారిలో ఏది కనిపించినా అందులోంచి ఆదివారం ప్రసంగం తీసేవారు. తెగిన మోకు, పాలు తాగని దూడ, వాన పడ్డాక వంగిన జొన్న, ఏదైనా సరే. విన్నవాళ్ళకు ఆ వస్తువు మళ్ళీ కనిపించినప్పుడు ఆయన మాట గుర్తుకొచ్చేది. చదువుకున్న బోధకులను చాలామందిని తర్వాత విన్నాను. అంత సులువుగా చెప్పినవాళ్ళు తక్కువ.

"అయ్యగారొస్తున్నడు, చీపురు లోపల పెట్టుండ్రే! కంటవడితె దాని మీద గూడ చెప్తడు" అని ఒక అవ్వ కేక వేస్తే వాడంతా నవ్వేది. ఆయనా నవ్వేవారు. ఆ వచ్చే ఆదివారం నిజంగానే చీపురు మీద చెప్పేవారు.

ఇక రాయి సంగతి. ఆ రోజుల్లో ఊరికి ఏ అధికారి వచ్చినా, దొర చుట్టం వచ్చినా, వాళ్ళ పెట్టెలూ పరుపులూ మోయడం వాడ మీద పడేది. కూలి లేదు. వెట్టి. ఇంటింటికీ వంతులు ఉండేవి. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి సామాను నెత్తికెత్తుకోవాలి. అయితే దానికీ ఒక కట్టు ఉంది. ఊరి పొలిమేరలో నిలువెత్తు రాయి ఒకటి పాతి ఉండేది. అక్కడి దాకే మావాళ్ళ బాధ్యత. అవతలి ఊరి వెట్టివాళ్ళు అక్కడ కాచుకుని ఉండి బరువు అందుకునేవాళ్ళు. వాళ్ళు రాకపోతే మావాళ్ళు సామాను రాయి పక్కన దించి తిరిగి వచ్చేవాళ్ళు. ఎంత పెద్ద అధికారి అరిచినా రాయి దాటేవాళ్ళు కాదు. వాళ్ళకు మిగిలిన హక్కు అదొక్కటే. మా వాడవాళ్ళు బరువుతో ఆ రాయి దాటేది శవాన్ని మోసినప్పుడు మాత్రమే. ఊళ్ళో మాకు పాతిపెట్టుకునే జాగా ఎవరూ ఇవ్వలేదు. అవతలి ఊరి గుట్ట పక్కన బీడు భూమి కొంత దొరికితే మిషన్ వాళ్ళు అక్కడ సమాధుల దొడ్డి కట్టించారు.

ఒకసారి తహసీలు నుంచి వచ్చిన ఒకాయన పరుపు చుట్టను మా వాడ పెద్ద మోసుకుపోయి రాయి దగ్గర ధన్ మని పడేసి వచ్చాడు. ప్రార్థన గుడిసె ముందు వేలాడే ఇనుప పట్టాను కొట్టి అందరినీ పిలిచేది కూడా ఆయనే. ఇరవై ఏళ్ళ మోతకు మెడ ఒక పక్కకు వంగిపోయింది. ఉపదేశిగారు అది చూశారు. ఆదివారం అదే ప్రసంగమైంది. ఒక మైలు రమ్మని బలవంతపెట్టినవాడితో రెండు మైళ్ళు వెళ్ళమని ప్రభువు చెప్పిన మాట తీసుకున్నారు.

"రాయి దాక మోసేది దొర బరువు" అన్నారు. "ఆడిదాక నువ్వు వెట్టోనివి. రాయి దాటినంక నిన్ను ఎవ్వడు పంపలేదు. ఆడ నువ్వు నీ ఇష్టంతోని నడుస్తవు. మొదటి మైల్ల వాడు దొర. రెండో మైల్ల నువ్వే దొరవు."

ఇప్పుడు ఆలోచించినా అది మంచి ప్రసంగమే. చివర్లో వాడ పెద్ద తన వంగిన మెడను చేత్తో రుద్దుకుంటూ అన్నాడు, "మంచిగనే చెప్పిండు అయ్యగారు. ఒక్క మైలుకే మెడ గిట్లయింది. రెండో మైలు అయ్యగారే మోస్తె సూడాలె."

అందరూ పగలబడి నవ్వారు. ఉపదేశిగారూ నవ్వి, ఆశీర్వాదం చెప్పి పంపించేశారు.

నవ్వనివాడు ఒకడున్నాడు. వాడ పెద్దకు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు. ఆమెకు పాలమూరు వైపు అమ్రాబాద్ దగ్గర నుంచి ఒక పిల్లవాణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు. వాడలో అందరూ అతన్ని అల్లుడా అనే పిలిచేవాళ్ళు. మోటబావికి తోలు సంచి కుట్టడంలో నేర్పరి. మాట తక్కువ. ఒకరోజు బడి వదిలాక వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పంతులమ్మా, ఒకటి అడుగుత. గా రెండో మైలు ఎవరు కొలుస్తరు?"

"ఎవరూ కొలవరయ్యా. నీకు నువ్వే."

"గట్లనా" అన్నాడు. "మరి మొదటిది అందరు కొలుస్తరు గదా" అని తనలో తాను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అతని వంతు రాకముందే వెట్టి ఆగిపోయింది. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళు ఊళ్ళలోకి వచ్చారు. ఎవ్వరూ కూలి లేకుండా మోయవద్దన్నారు. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒకనాడు దొర మనిషి వచ్చి పిలిస్తే వాడంతా బయటికి వచ్చి నిలబడింది. ఎవరూ కదల్లేదు. అతను అరిచి, తిట్టి, చివరికి తన మూట తానే ఎత్తుకుపోయాడు. ఆ సాయంత్రం వాడ పెద్ద మోసేటప్పుడు తలమీద పెట్టుకునే చుట్టబట్టను అందరి ముందు పొయ్యిలో వేశాడు. అది కాలుతున్నంతసేపూ చూస్తూ నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ ముఖం మర్చిపోలేదు. తర్వాత జరిగిన దానిలో ఆయన మీద నాకు కోపం రాకపోవడానికి అదే కారణం.

ఉపదేశిగారు ఆ తర్వాత రెండో మైలు ప్రసంగం ఎత్తలేదు. అది ఇప్పుడు చెప్పే మాట కాదని ఆయనకు తెలుసు. కానీ ఆనాడు చెప్పింది తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. చెప్పిన మాట ఎక్కడ పడిందో చూసుకునే అలవాటు మా ఉద్యోగంలో ఎవరికీ ఉండేది కాదు. ఆదివారం అయిపోతే మళ్ళీ ఆదివారమే.

పోలీసు చర్య జరిగింది. రజాకార్ల భయం పోయిందని ఊరు సంతోషపడింది. ఆ సంతోషం ఎక్కువకాలం లేదు. తుపాకులు పట్టిన సంఘం దళాల కోసం వెతుకుతూ మిలిటరీ ఊళ్ళ మీదికి వచ్చింది. పగలు వీళ్ళు, రాత్రి వాళ్ళు. ఎవరితో మాట్లాడినా ఎవరికో కోపం. జనం మాటలు తగ్గించుకున్నారు.

ఆ చలికాలం ఒక పొద్దున, కొందరు సిపాయిలు మా వాడ మీదుగా పోతూ తోళ్ళు పదును చేయడానికి తంగేడు చెక్క నానబెట్టిన గుంట దగ్గర పనిచేస్తున్న అల్లుణ్ణి పిలిచారు. వాళ్ళ భాష ఎవరికీ తెలియదు. చేత్తో పెట్టె చూపించారు. వంట సామాను పెట్టె. భుజాలకు తుపాకులున్నాయి. అతను ఎత్తుకున్నాడు. దాని గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు.

మిగతాది ఆ సాయంత్రం అతను నాకు చెప్పిందే. రాయి దగ్గర అవతలి ఊరివాళ్ళు ఎవరూ లేరు. మిలిటరీ వస్తోందని అందరూ గుట్టల్లోకి పోయారు. అతను వాడ కట్టు ప్రకారం పెట్టె దించాడు. సిపాయిలు ఏమీ అనలేదు. వాళ్ళలో ఒకడు, మీసాలు కూడా సరిగా రాని పిల్లవాడు, జ్వరంతో వణుకుతున్నాడు. వాడు వంగి పెట్టెను ఎత్తబోయాడు. ఎత్తలేకపోయాడు. మళ్ళీ వంగాడు.

"గప్పుడు యాదికొచ్చింది పంతులమ్మా" అన్నాడు అల్లుడు. "ఇది గదా రెండో మైలంటె. నన్ను ఎవ్వడు రమ్మనలె. నేనే ఎత్తుకున్న. నెత్తి మీద బరువే లేనట్టు నడిచిన, నిజంగ."

నేను అతన్ని అంత సంతోషంగా ఎన్నడూ చూడలేదు. అవతలి ఊళ్ళో పెట్టె దించాక ఆ జ్వరం పిల్లవాడు బిస్కట్ల డబ్బా ఒకటి అతని చేతిలో పెట్టాడట. అది తెచ్చి నాకిచ్చాడు. "బడి పిల్లలకు పంచుండ్రి. నాకెందుకు" అన్నాడు. మర్నాడు పంచాను. వాడలో పిల్లలు బిస్కట్లు తినడం అదే మొదలు. తిన్న ప్రతి పిల్లా ఇంటికి పోయి ఎవరిచ్చారో చెప్పింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు అవతలి ఊరి గుట్టను మిలిటరీ చుట్టుముట్టింది. దళానికి అన్నం చేరవేస్తున్నారని ఇద్దరు పడుచు పిల్లలను పట్టుకుపోయారు.

ఒక గొర్రెల కాపరి చెప్పాడు, మిలిటరీ ముందు అల్లుడు నడవడం చూశానని. రాయి దాటి నడిచాడని. అబద్ధం కాదు. అతను చూసింది చూసినట్టే చెప్పాడు. అల్లుడు పైఊరి వాడు. బిస్కట్లు తెచ్చాడు. రాయి దాటాడు. దళం జాడ పట్టించింది అతనేనని తేల్చడానికి ఇంతకంటే ఏం కావాలి?

అవతలి ఊరి నుంచి పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. ప్రార్థన గుడిసె ముందు వాడంతా కూడింది. అల్లుణ్ణి మధ్యలో నిలబెట్టారు. అడగవలసినవాడు వాడ పెద్దే, అంటే మామే.

"తుపాకి ఉన్నోడు పిలిస్తె పోయినవ్. గది నాకు సమజైతది" అన్నాడు. "రాయి కాడ దించినవా?"

"దించిన మామా."

"మళ్ళ ఎత్తుకొమ్మని ఎవ్వడన్న అన్నడా?"

"అనలె."

"కొట్టిండ్రా? తుపాకి చూపెట్టిండ్రా?"

"లేదు మామా. ఆ పిలగానికి జెరమొచ్చింది."

"మరెందుకు దాటినవ్ రా?"

అల్లుడు గుంపులో వెతికి ఉపదేశిగారిని చూశాడు. "అయ్యగారు చెప్పిండు గదా. రెండో మైలు."

ఎవరో కిసుక్కున నవ్వారు. అవతలి ఊరి పెద్దమనిషి అర్థం కాక అటూ ఇటూ చూశాడు. ఉపదేశిగారు లేచారు. మాట గట్టిగానే వచ్చింది.

"అవును. నేనే చెప్పిన. ఈ గుడిసెలనే చెప్పిన. ఈ పిలగాడు నా మాట విని చేసిండు. తప్పైతె నాది. శిక్ష ఉంటె నాకు వెయ్యుండ్రి."

"అయ్యగారూ, మీరు దేవుని మనిషి" అన్నాడు అవతలి ఊరాయన, మర్యాదగానే. "మీ మందల గొర్రెను మీరు కాపాడుకుంటున్నరు. చెప్పరా మరి? మేమైన గట్లనే చెప్తుంటిమి."

నేనూ లేచాను. ఆ ఆదివారం నేనూ ఉన్నానని, అతను బడికి వచ్చి ఎవరు కొలుస్తారని అడిగాడని, పెట్టె మోసిన సాయంత్రమే జరిగినదంతా నాకు చెప్పాడని అన్నాను. "బిస్కట్లు పంచిందాన్ని నేనే, అతను ఒక్కటి కూడా తినలేదు" అన్నాను.

"పంతులమ్మా, జర కూసో తల్లీ" అన్నారెవరో. నేను కూర్చోలేదు. అయినా నిలబడినందువల్ల ఏమీ మారలేదు.

వాడ పెద్ద అప్పుడు ఉపదేశిగారి వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. అర్థం కాని బాధ ఉంది.

"అయ్యగారూ, ఆ ఆదివారం మేమందరం ఉన్నం. వాడంత విన్నది. మా అందర్ల ఒక్కడన్న చేసినమా? మీరు చేసిండ్రా?"

ఉపదేశిగారు మెల్లగా కూర్చున్నారు.

"చెయ్యనీకి చెప్పిన మాటని మాకెవ్వరికి తెల్వదు. వినేటందుకనుకున్నం. ఎవ్వడు చెయ్యని పని వీడొక్కడు చేసిండంటె ఎట్ల నమ్మాలె? నాకే నమ్మకం లేకపోతె అవతలి ఊరోళ్ళకు నేనేం చెప్పాలె?"

అల్లుడు పొద్దు గూకేలోపల ఊరు విడిచిపోవాలని తేల్చారు. ఉంటే రాత్రికి ఎవరు వస్తారో తాము చెప్పలేమన్నారు. అది బెదిరింపు కాదు. ప్రాణాలతో పోనివ్వడానికి వాళ్ళకు తెలిసిన దారి అదొక్కటే. కూతురు ఇంట్లోనే ఉండాలని తండ్రి అన్నాడు. ఇల్లు ఆమెది కదా.

ఆమె అప్పటికే లోపలికి పోయి మూట కట్టుకుని వచ్చింది.

"ఉండు బిడ్డా. ఆవేశపడకు."

"నీకు చుట్టబట్ట కాలవెట్టుడు వచ్చు బాపూ. మనిషిని గుర్తువట్టుడు రాదు" అంది ఆమె. మూటను తానే నెత్తికెత్తుకుంది.

పొలిమేర దాకా ఉపదేశిగారూ నేనూ వెంట నడిచాం. వాడ నుంచి ఇంకెవరూ రాలేదు. దారిలో ఉపదేశిగారు ఆమె నెత్తిమీద మూటకు చెయ్యి వేసి, "ఇటియ్యి బిడ్డా, నేను పట్టుకుంట" అన్నారు.

అల్లుడు అడ్డం వచ్చాడు. "వద్దయ్యగారూ. గుట్ట మీద గొర్రెలోళ్ళున్నరు. మీరు మోస్తె చూస్తరు. రేపు మిమ్మల్ని గూడ నిలవెడతరు."

రాయి దగ్గరికి వచ్చాం. ఉపదేశిగారు ప్రార్థన చేశారు. ప్రార్థన ఎంతసేపు సాగినా ఎప్పుడో ఒకప్పుడు ఆమెన్ అనాలి. అన్నారు. వాళ్ళిద్దరూ రాయి దాటారు. అల్లుడు కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగి చూశాడు. ఉపదేశిగారు రాయి మీద చెయ్యి పెట్టుకుని ఇవతలే నిలబడి ఉన్నారు. వాళ్ళు అవతలి ఊరి మీదుగానే పోవాలి. ఆ ఊళ్ళో ఏం జరుగుతుందోనని మాకు భయం. తోడుగా ముసలాయన ఒకరు, అందులోనూ దేవుని పని చేసేవారు ఉంటే, చెయ్యి ఎత్తడానికి ఎవరైనా వెనకాడేవాళ్ళు. అది ఆయనకు తెలుసు. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన దారి వైపు చూస్తున్నారు. అల్లుడు ఇంకాసేపు చూసి, తిరిగి నడిచాడు.

వాళ్ళకేమీ కాలేదు. క్షేమంగా చేరినట్టు తర్వాత తెలిసింది. కానీ ఉపదేశిగారు ఆ వచ్చే ఆదివారం లేచి వాక్యం చదివి, చదివింది చాలన్నట్టు కూర్చున్నారు. ఆ తర్వాత ఎన్నడూ వస్తువుల మీద చెప్పలేదు. చీపురు అవ్వ ఒకసారి చాట తెచ్చి కావాలనే ఆయన ముందు పెట్టింది. "దీని మీద చెప్పుండ్రి అయ్యగారూ, ముసలోళ్ళకు నిద్రొస్తున్నది" అంది. ఆయన చాటను ఆమెకు తిరిగి ఇచ్చేశారు. ఆమె నవ్వబోయి, ఆగిపోయింది.

పట్టుబడిన పిల్లలు ఇద్దరూ మరుసటేడు విడుదలై వచ్చారు. తమను ఎవరూ పట్టించలేదని వాళ్ళే చెప్పారు. గుట్ట వెనక జొన్న కంకులు కాల్చుకుంటుంటే పొగ పైకి లేచింది. అంతే. పొగ చూసి వచ్చారు. వాడంతా, "పాపం, అల్లుడు" అంది. వాడ పెద్ద మాత్రం ఒక్క మాట అనలేదు. నాకు పాలమూరు వైపు బదిలీ అయినప్పుడు బండి దాకా వచ్చి, "అమ్రాబాద్ దిక్కు పోతె జర చూడు పంతులమ్మా. నా బిడ్డ వస్తదేమో అడుగు. ఇద్దర్ని అడుగు" అన్నాడు.

అక్కడ మిషన్ దవాఖాన బండితో వాక్యం చెప్పడానికి అమ్రాబాద్ అంగడికి పోయినప్పుడు వాళ్ళు కనిపించారు. మొదట చూసింది ఆమే. "పంతులమ్మా!" అని అరుస్తూ పరుగెత్తి వచ్చింది. చంకలో పిల్ల. "మా బాపు బతికున్నడా? మెడ ఇంక ఎంత వంగింది?" అని నవ్వి, వెంటనే ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

అల్లుడు అడవిలో వెదురు కొట్టి మోస్తున్నాడు. అక్కడ మోటలు లేవు, తోలు పని లేదు. పొగ సంగతి చెప్పాను. మామ రమ్మంటున్నాడని చెప్పాను. అంతా విన్నాడు.

"ఇప్పుడు ఎర్కైందా. మంచిదే" అన్నాడు. "మామ మీద నాకు కోపం లేదు పంతులమ్మా. బతుకంత మోసినోడు. మోసుడంటె ఆయనకు పగ. నేను మళ్ళ ఎత్తుకుంటినంటె ఎట్ల నమ్ముతడు? ఊరోళ్ళు నమ్మలేదని గూడ ఫికర్ లేదు."

భార్య చంకలోంచి పిల్లను తీసుకున్నాడు.

"గని అయ్యగారు రాయి కాడ ఆగిండు చూడుండ్రి. గప్పుడు మనసుల ఏందో అయింది. మూట ఇయ్యనన్న. నడువొద్దనలె గదా. ఆయన గూడ నమ్మలేదేమో అనుకున్న. నన్ను గాదు. గా మాటను."

రమ్మంటే వస్తావా అని మళ్ళీ అడిగాను.

"పొద్దు గూకేలోపల పొమ్మన్నరు. వచ్చిన. మళ్ళ పొమ్మనేటోళ్ళు లేరని ఎట్ల తెలుసు?" అన్నాడు. తర్వాత నా చేతిలోని మందుల పెట్టెను అడగకుండానే ఎత్తుకుని, బండి దాకా కాదు, బండి పోయే ఏరు దాటేదాకా మోసుకొచ్చాడు.

సెలవులకు వచ్చినప్పుడు ఉపదేశిగారి దగ్గరికి వెళ్ళాను. అప్పటికి పని మానుకున్నారు. ఒక్కరే ఉంటున్నారు. అల్లుడు క్షేమమని, పిల్ల పుట్టిందని చెప్పాను. "నా సంగతి ఏమన్న అన్నడా?" అని అడిగారు. ఆయన అడిగిన తీరులోనే సగం తెలుసుకుని అడిగారని అర్థమైంది. దాచి ప్రయోజనం లేదు. చెప్పాను.

"మాటను నమ్మిన పంతులమ్మా" అన్నారు. "కాళ్ళే నమ్మలె."

అమ్రాబాద్ పోతానన్నారు. ఒక ఏడు వానలన్నారు. ఒక ఏడు కళ్ళు కనిపించడం లేదన్నారు. నేను తీసుకుపోతానని రాస్తే, ఎండాకాలం పోనిద్దామన్నారు. ఆ ఎండాకాలమే పోయారు.

నాకు కబురు ఆలస్యంగా అందింది. సమాధి కార్యక్రమానికి చేరలేకపోయాను. కొన్ని రోజులకు ఆయన పేర జరిగిన ఆదరణ కూడిక నాటికి చేరాను. అల్లుడికి కూడా కబురు పంపి ఉన్నాను, వస్తాడన్న ఆశ లేకుండానే.

పిల్లలూ, మీరు అడిగిన పద్ధతి గురించి నాకు తెలిసింది ఇంతే. పాఠం తీయడానికి ఒక బరువును ఎంచుకునేటప్పుడు, అది ఎవరి నెత్తిమీద ఉందో చూడండి. మీ మాటను వందమంది మెచ్చుకుంటే భయం లేదు. ఎవరో ఒకడు నవ్వకుండా ఇంటికి పోతాడు. వాడు దాన్ని చేస్తాడు. ఆ రోజు మీరు ఎక్కడిదాకా వాడితో నడవగలరో ముందే ఆలోచించుకోండి. ఉపదేశిగారు మంచివారు. సభలో లేచి నిలబడ్డారు. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. ఇంకొంచెం దూరం నడిచి ఉంటే, అని నేను ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను. ఆయనా అనుకుంటూనే పోయారు.

కూడిక అయ్యాక ఒక్కదాన్నే సమాధుల దొడ్డికి నడిచాను. రాయి దాటి కొంచెం పోగానే, కొత్త మట్టి పక్కన అల్లుడు ఒక్కడే కూర్చుని కనిపించాడు. జుట్టు నెరిసింది. అవతలి ఊరి దారిన వచ్చాడు. మా ఊరి పొలిమేరలో అడుగు పెట్టలేదు.

"ఎవరు మోసిండ్రు పంతులమ్మా?" అని అడిగాడు.

"మీ మామ. ఇంకో ముగ్గురు."

"మామనా?" అతను నమ్మలేదు. "గా వంగిన మెడతోనా?"

"వద్దన్నా వినలేదట. రాయి దగ్గర భుజం మార్చుకుంటామని పడుచువాళ్ళు వస్తే పక్కకు పొమ్మన్నాడట. ఇక్కడి దాకా తానే మోశాడట."

అల్లుడు మట్టిని అరచేత్తో సాపు చేస్తూ కూర్చున్నాడు.

"అయితె అయ్యగారు, మామ, ఇద్దరు దాటిండ్రన్నట్టు" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు తెలియలేదు. మామను చూసిపొమ్మన్నాను. అతను రాయి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు దాటుడు వచ్చింది గదా ఆయనకు. రమ్మనుండ్రి. పొద్దు గూకేదాక కూసుంట."

నేను వాడకు తిరిగి వచ్చాను. వాడ పెద్ద అరుగు మీద ఒరిగి ఉన్నాడు. చూపు చాలావరకు పోయింది. అల్లుడు వచ్చాడని, రాయి అవతల కూర్చున్నాడని, తానుగా ఇటు రానన్నాడని, అన్నీ అన్నట్టే చెప్పాను. ముసలాయన గోడ పట్టుకుని లేచి, అరుగు కింద చెప్పుల కోసం కాళ్ళతో తడుముకోవడం మొదలుపెట్టాడు.